బొహుమీర్ అయిదో అతుకు

చెక్ దేశంలోని బ్ర్నో నగరంలో బొహుమీర్ కొత్తగా ఏదైనా కట్టగా చూసినవాళ్ళు లేరు. విరిగినదాన్ని ఎలాగోలా నిలబెట్టగా చూడనివాళ్ళూ లేరు. కారు అద్దానికి టేపు, కళ్ళజోడుకి దారం. ఉద్యోగమూ అదే తీరు. దుకాణాల్లోని తూకపు యంత్రానికీ కంప్యూటర్‌కీ మధ్య దుబాసీ పని చేసే ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. లినక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థలో అలాంటి డ్రైవర్ ఒకదాని బాగోగులు పదకొండేళ్ళుగా అతనే చూస్తున్నాడు. యంత్రం బిగుసుకుపోయిందని కబురొచ్చినప్పుడల్లా "ఇక్కడ క్షణం ఆగు" అని ప్రోగ్రాములో ఒక వరస చేర్చి, పక్కన "తాత్కాలికం, తర్వాత తిరగరాయాలి" అని రాసేవాడు. అలాంటి అతుకులు నాలుగయ్యాయి.

అయిదోది పంపగానే, అతని మార్పులను సరిచూసి ఒప్పుకోవలసిన ద్రహొమీరగారు ఫోన్ చేసింది. అరవయ్యో పడికి దగ్గరవుతున్న మనిషి. మాటలో మొహమాటం లేదు.

"ఏమయ్యా, ఇది డ్రైవరా, అతుకుల బొంతా?"

"ఈ ఒక్కసారికీ కానివ్వండి మేడమ్. వేసవిలో మొత్తం తిరగరాస్తాను."

"ఏ వేసవిలో? మొదటిసారి ఈ మాట అన్నప్పుడు నీకు జుట్టుండేది!"

ఆవిడ ఆ అతుకును ఒప్పుకోలేదు; బొహుమీర్ మూడు రోజులు అలిగాడు. నాలుగో రోజు సాసేజీల కోసం మాంసం కొట్టుకు వెళ్తే, వరసలో ముందున్న ముసలావిడ వంతు వచ్చేసరికి తూకం బిగుసుకుపోయింది. కొట్టు యజమాని ఒతకార్ దాని డొక్కలో రెండు దెబ్బలు వేశాడు. కదల్లేదు.

"దీన్ని తయారుచేసినవాడి చేతులు పడిపోను!" అందా ముసలావిడ.

బొహుమీర్ చేతులు జేబుల్లో దాచుకున్నాడు. కానీ కళ్ళు మాత్రం యంత్రం మీదే ఉన్నాయి. చీటీ అచ్చవుతుండగా ఇంకో ముక్క తూకంలో పడితేనే బిగుసుకుంటోంది. బరువు చదివే భాగమూ, చీటీ అచ్చువేసే భాగమూ "ముందు నువ్వు" అంటే "ముందు నువ్వు" అని ఒకదాని కోసం ఒకటి కాచుకు కూర్చుంటున్నాయి. తన నాలుగు అతుకులూ ఆ పేచీని వాయిదా వేశాయే కాని తీర్చలేదు.

రెండు పనులూ ఒకే వరసలో జరిగేలా అయిదు నెలలు కూర్చుని తిరగరాశాడు. ద్రహొమీరగారు ఆరుసార్లు తిప్పికొట్టింది. నాలుగు వేల వరసలు తొమ్మిది వందలయ్యాయి. మూడో అతుకును చెరిపేముందు కాసేపు చూస్తూ ఉండిపోయాడు; దాన్ని రాసిన రోజే కూతురు పుట్టింది.

ఏడోసారి ఆవిడ ఒప్పుకుంది. ఆ తర్వాత రెండు వారాలు ఒక్క ఫిర్యాదూ రాలేదు. ఉండబట్టలేక బొహుమీరే ఫోన్ చేశాడు.

"ఎవరైనా ఏమైనా అన్నారా మేడమ్?"

"ఏమీ అనలేదు."

"ఒక్కరు కూడానా?"

"బాగున్నదాని గురించి ఉత్తరం రాసేదెవరయ్యా? ఊరికే కూర్చోలేకపోతే వేలిముద్రల యంత్రం డ్రైవర్ ఉంది, అదీ తిరగరాయి."

తెరిచి చూస్తే అందులో పదిహేడు అతుకులు. రాసినవారి పేరు చూసి మళ్ళీ ఫోన్ చేశాడు.

"మేడమ్, ఇవన్నీ మీవే!"



"అప్పట్లో తీరిక ఉండేది కాదయ్యా," అందావిడ, గొంతు బాగా తగ్గించి.

బొహుమీర్ నవ్వు ఆపుకుని ఫోన్ పెట్టేశాడు. కాఫీ కలుపుకొచ్చి మొదటి వరస నుంచి చదవడం మొదలుపెట్టాడు.