బురుల్ ఎజె పది మాటలు

మా ఊళ్లో బురుల్ ఎజె ఇంటికి వెళ్లి, పది మాటలు డిక్టేషన్ రాయకుండా బయటపడ్డవాడు లేడు. ఊరందరికీ ఆవిడ ఎజె, అంటే అక్క. గడప తొక్కినవాడు రొట్టె ముక్కైనా తుంచి నోట్లో వేసుకోకుండా వెళ్లకూడదన్నది మా కిర్గిజుల ఆనవాయితీ. ఎజె దానికి ఇంకోటి తగిలించింది: నోట్లో రొట్టె, చేతిలో పెన్సిలు.

గొర్రె తప్పిపోయిందని వెతుక్కుంటూ వచ్చిన కాపరిని కూడా వదల్లేదు.

"ఎజె, నా గొర్రె..."

"అది ఎక్కడో మేస్తుంటుందిలే. నువ్వు రాయి."

తప్పు కనబడితే చాలు, ఆవిడ ముఖం వెలిగిపోయేది. "అబ్బ, ఎంత చక్కటి తప్పు!" అన్నీ సరిగ్గా రాసినవాడికి మాత్రం టీతో జామ్ దక్కేది కాదు. "నేర్పడానికి ఏమీ మిగల్చలేదు, ఇంకెందుకొచ్చావు?" అని విసుక్కునేది. బళ్లో ఆవిడ భాష చెప్పే గది పక్కనే లెక్కలు చెప్పే నేను, జామ్ కోసం కావాలనే తప్పులు రాసేవాణ్ణి. ఇట్టే పట్టేసేది. "ఇది నీ తప్పు కాదు, దొంగ తప్పు!"

ఆ ఏడు కొండమీది మంద దగ్గర్నుంచి జిబెక్ అనే పిల్ల వచ్చి నాలుగో తరగతిలో చేరింది. డిక్టేషన్ అంటే భయంతో బిగుసుకుపోయి, తెల్లకాగితం ఇచ్చేసేది. మా బడికి పెద్ద, డైరెక్టరు షర్షెన్ ఊరుకోలేదు. "సోమవారం నుంచి ఒకటో తరగతిలో కూర్చోబెడతా" అన్నాడు. ఆరేళ్ల పిల్లల మధ్య కూర్చోమంటే బడే మానేస్తానని జిబెక్ ఏడ్చింది.

"తప్పు రాస్తే ఎక్కణ్ణుంచి చెప్పాలో తెలుస్తుంది. తెల్లకాగితం చూసి ఏం చెప్పను?" అని ఎజె తల పట్టుకుంది. ఆదివారం జిబెక్‌నీ, డైరెక్టర్నీ, నన్నూ టీకి పిలిచింది.

రొట్టె తిన్నాం. పెన్సిళ్లు వచ్చాయి.

"ఈ పిల్ల ముందు నేను కూడానా?" అన్నాడు డైరెక్టరు.

"నా ఇంట్లో డైరెక్టర్లు లేరు బైకే, అన్నలే ఉంటారు. రాయండి."

రెండో మాటకే నాకు సంగతి తెలిసిపోయింది. ఇన్నేళ్లుగా డైరెక్టరూ నేనూ ఆవిడ ముందు తప్పుతూ వచ్చిన మాటలనే ఏరి తెచ్చింది! ఎవరు ఎక్కడ పడతారో ఆవిడకి కంఠతా వచ్చు.

"చూడు తల్లీ, డైరెక్టరుగారి చక్కటి తప్పులు!"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. జిబెక్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆగలేక కిసుక్కుమంది. ఆ నవ్వు మీదే పెన్సిలు తీసుకుంది. ఎజె ఒకటో తరగతి మాటలతో మొదలుపెట్టి మెల్లగా కష్టం పెంచింది. ముందువన్నీ సరిగ్గా ఉన్నాయి, సగం నుంచి తప్పులు. ఏమైతేనేం, తెల్లకాగితం కాదు!

"రెండో తరగతి దాకా వచ్చేసింది! అక్కణ్ణుంచి సాయంత్రాలు నేను చెబుతాను. పగలు నాలుగులోనే ఉంటుంది. ఏమంటారు బైకే?"

డైరెక్టరు తన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఉండనీ" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మరి నన్ను ఎక్కణ్ణుంచి మొదలుపెట్టమంటారు?"

జిబెక్ కాస్త జరిగి, పక్కన ఆయనకు చోటిచ్చింది.