భీమసేనరావు మాస్టారి తోడు పాఠం

మా బడి తెలుగు మాస్టారు భీమసేనరావు గారు ఏ కథనూ ఒంటరిగా చెప్పరు. ప్రతి కథకూ పక్కన చదివించడానికి ఓ తోడు పాఠం కావాలి. అది దొరికేదాకా పుస్తకం తెరవరు. హెడ్మాస్టరుగా నేను పడే పాట్లు దేవుడికెరుక.

ఎనిమిదో తరగతిలో ఓ హాస్యకథ ఉంది. కొత్త గొడుగు తడిసిపోతుందని వానలో దాన్ని చొక్కాలో దాచుకుని నడిచే పిసినారి కథ. మూడంటే మూడు పేజీలు. పది రోజులైనా మొదలే కాలేదు.

"తోడు దొరకాల గదప్పా!" అంటారు.

ఆదోని బస్సులో "జేబుదొంగలున్నారు జాగ్రత్త" అన్న బోర్డు రాసుకొచ్చారు. ఎమ్మిగనూరులో గొడుగుల కొట్టు కరపత్రం పట్టుకొచ్చారు. చివరికి నా పెళ్లిపత్రిక అడిగారు.

"అందులో హాస్యమేముంది సార్?"

"పెండ్లై ఎన్నేండ్లాయె?"

"పదిహేను."

"అయితే ఇప్పుడు చదువు, తెలుస్తాది."

నా ఒళ్లు మండిపోయింది. ఎందుకంటే అవతల అదే తరగతిలోని మల్లేశ్వరి సంగతి తేలాలి. ఆ పిల్ల అమ్మానాన్నలతో సుగ్గికి పోయింది. కూలీలను మేస్త్రి గుంటూరు వైపు తోలుకుపోయి మిరపకాయలు కోయించే వలస పని అది. మూడు నెలల తర్వాత వచ్చి వెనక బెంచీలో మూగగా కూర్చుంటోంది. వాళ్లమ్మ బసమ్మ నాతో తేల్చి చెప్పింది: "శుక్రారం దాకా సూస్తా సారూ. సదువు ఎక్కలేదంటే పత్తి సేనుకి తోల్కపోతా."

శుక్రవారం రానే వచ్చింది. నేనూ వెళ్లి ఆ తరగతిలో కూర్చున్నాను. మాస్టారు ఓ కాగితం మల్లేశ్వరి చేతికిచ్చారు. పిల్ల కూడబలుక్కుని చదివింది: "మా మేస్త్రి మిరపకాయల కుప్ప మీద కూసోని, కూరలోకి కారం అప్పడిగె..."

"ఇది మాయమ్మ సెప్పే కత!" అని పకపకా నవ్వింది. తరగతంతా నవ్వింది. వెంటనే గొడుగు కథ చదివించారు. "వీడు మా మేస్త్రికి తమ్ముడే సార్!" అందా పిల్ల, ఎవరూ అడక్కుండానే.

తర్వాత తెలిసింది. బస్సు బోర్డు, కరపత్రం, నా పెళ్లిపత్రిక, అన్నీ ముందు ఆ పిల్లతోనే చదివించారట. నవ్వలేదట. చివరికి వాళ్లింటికే పోయి, బసమ్మ చెప్పింది చెప్పినట్టు రాసుకొచ్చారట. నాకు సిగ్గేసింది.

ఆ రోజు పాఠం అవగానే, కిటికీ బయట నిలబడి అంతా విన్న బసమ్మ లోపలికొచ్చి మాస్టారితో అంది:

"పిల్ల ఈడనే సదువుకోనీలే సారూ. కానీ ఆ కాయితంలో యాడన్నా మేస్త్రి పేరుంటే కొట్టెయ్. మళ్లేడు సుగ్గికి ఆయనెంటనే పోవాల నేను."