చింతగింజల సగటు

ఎండాకాలం వచ్చిందంటే మా కోడలు వాకిట్లో కూర్చొని చింతపండు కొడుతుంది. గింజలు చాటలో టపటపా రాలుతుంటే నేనక్కడ కూర్చోలేను, లేచి బజారుకు పోతాను. ముసలాయనకు చప్పుడు పడదని ఇంట్లో అనుకుంటారు. అనుకోనీ. ఆ చప్పుడు వింటే నాకు రాజేశం పంతులు గుర్తుకొస్తాడు. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆయన్ను తలుచుకోని ఎండాకాలమూ లేదు.

పంతొమ్మిది వందల ముప్ఫైల నాటి మాట. నిజామాబాద్‌లో నేను చదివిన బడికి ఆయన లెక్కల పంతులు. పెళ్లాం లేదు, పిల్లలు లేరు. రెంజల్ నుంచి వచ్చిన నన్ను తన ఇంట్లోనే పెట్టుకొని చదివించాడు. తర్వాత వజీఫా, అంటే సర్కారిచ్చే చదువు ఖర్చు, దొరికి పట్నంలో కాలేజీకి పోయాను. వజీఫా ఉంటేనే చదువు, లేదంటే అరక. ఏడాది చివర అన్ని పర్చాల్లో, అదే పరీక్ష పేపర్లలో, వచ్చిన మార్కుల సగటు ఒక గీత దాటితేనే అది మరుసటి ఏడాదికి నిలుస్తుంది. నేను సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ గీత కోసం పంతులు ముందే పథకం వేసేవాడు. నేల మీద ఒక్కో పర్చాకు ఒక్కో వరుస, రాగల మార్కులకు తగినన్ని చింతగింజలు పరిచేవాడు. ఫార్సీ వరుస పొట్టిది, ఇంగ్లీషుది ఇంకా పొట్టిది, లెక్కల వరుస గోడ దాకా పోయేది. అందులోంచి గింజలు తీసి పొట్టి వరుసల్లో సర్ది, అన్నీ సమం చేసి చూపేవాడు.

"మడి చదును జేసినట్టేరా గంగారాం. మిట్టల మన్ను తీసి పల్లంల పొయ్యాలె. ఇంగ్లీషుల నువ్వెంత తన్నుకున్నా గింతనే. పాసైతే చాలు. నిన్ను మోసేది లెక్కలే."

"లెక్కలల్ల తప్పితే, పంతులూ?"

"తప్పితే పోయి ఎడ్లు కాసుకో."

నవ్వేవాడు కాదు. ఓదార్చడం ఆయనకు చేతకాదు. కానీ ఆయన నోట తప్పు లెక్క వచ్చిందని నిజామాబాద్‌లో ఒక్కరూ అనగా నేను వినలేదు.

మొదటి ఏడాది పరీక్షల్లో లెక్కల పర్చా చివరికి పడింది. దానికి ముందు సెలవులుంటే రైలెక్కి పంతులు దగ్గరికి వచ్చాను. తిరిగి పోవాల్సిన రోజు మధ్యాహ్నం మూట కట్టుకుంటుంటే రెంజల్ నుంచి మా అన్న బండి తోలుకొచ్చాడు.

"తమ్మీ, అవ్వకు చలిజ్వరం ముదిరింది. నీ పేరే తీస్తున్నది. వైద్యుడు ఆశ లేదన్నడు."

మా దిక్కు తల్లినే అవ్వ అంటాం. సాయంత్రం రైలెక్కితే తెల్లారి పర్చా. బండెక్కితే అవ్వ. మూట పట్టుకొని గుమ్మంలో నిలబడ్డాను. పంతులు లోపలికి పోయి గింజల డబ్బా తెచ్చాడు. వరుసలు పరిచి, లెక్కల చోటు ఖాళీగా ఉంచి, మిగిలిన వరుసల్లోని గింజలు చూసి దాన్ని నింపాడు.

"ఇంట్ల ఆపద ఉన్నోళ్లకు, రాయని పర్చాకు మిగిలిన పర్చాల సగటు ఏస్తరు. కాయిదా ఉన్నది. మిగిలిన పర్చాలు ఈసారి అనుకున్నదానికన్న మంచిగ రాసినవు. ఇగో సూడు, నీ వజీఫా అంచు మీద నిలవడ్డది. పో."

"నిజమేనా పంతులూ?"

"నా లెక్క ఎన్నడన్న తప్పిందారా? బండెక్కు!"

తెల్లారేసరికి రెంజల్ చేరాం. అవ్వ నన్ను గుర్తుపట్టింది.

"పరీచ్చ ఉండంగ ఎందుకొచ్చినవు కొడుకా?"

"పంతులే పొమ్మన్నడు అవ్వా."

"మంచోడు," అని నా మణికట్టు పట్టుకుంది. పొద్దెక్కాక, పట్నంలో పర్చా పంచే వేళకు, నేను పోసిన తులసినీళ్లు మింగి కన్ను మూసింది. కొడుకు చేతి నీళ్లు గొంతు దిగితే పోయేవాళ్లకు దూప, దాహం ఉండవని మావాళ్ల నమ్మకం. ఆ నీళ్లు దిగడం నేను కళ్లారా చూశాను.

ఫలితాలొచ్చాయి. వజీఫా మాట అటుంచి, అసలు ఫెయిలన్నారు. అలాంటి నియమం, కాయిదా ఉందా అని అడిగితే కాలేజీ గుమాస్తా కడుపుబ్బ నవ్వాడు. రైలు దిగి నేరుగా పంతులు ఇంటికి పోయాను.

"ఆ కాయిదా మీకెవరు చెప్పిండ్రు?"

"ఎవ్వలు చెప్పలే. నేనే పుట్టిచ్చిన."

"నా బతుకుల మన్ను పోసిండ్రు గదా!" అని గొంతు చించుకున్నాను.

"పోసిన." ఆయన తల దించలేదు. "నిజం చెప్తే నువ్వు రైలెక్కేటోనివి. నేను గట్లనే ఎక్కిన. మా అవ్వ నీళ్లు నీళ్లనుకుంట పోయిందట. గప్పుడు నేను లెక్కల పర్చా రాస్తున్న. అందరికన్న ముందట వచ్చిన. ఏం జేసుకోను దాన్ని? తిట్టుకోరా. తిట్టుకోనికె నేనున్న. అవ్వ మళ్ల రాదు."

ఆ గడప మళ్లీ తొక్కలేదు. బోధన్‌లో చక్కెర కార్ఖానా లేచాక చెరకు బండ్లు తూచే పనిలో చేరాను. చెరకు మడ్డి వాసనలోనే వయసంతా కరిగిపోయింది. నాతో చదివినవాళ్లు పెద్ద కుర్చీల్లో కూర్చున్నారు. వాళ్లు ఎదురైతే సలాం చేశాను, చేసిన ప్రతిసారీ పంతుల్ని తిట్టాను. ఇంటికొచ్చి అవ్వ పటం లేని గోడ చూస్తే మాత్రం, ఆ చివరి చూపైనా దక్కిందని తిట్టు నోట్లోనే ఆగిపోయేది. కొన్నాళ్లకు ఆయన పోయాడని ఒక బండివాడు చెప్పాడు. చెరకు తూస్తూనే విన్నాను.

ఇంట్లో ఎవరూ లేనప్పుడు కోడలు పోగేసిన గింజలు నేల మీద పరుస్తాను. పోయిన చదువుకు ఒక వరుస, అవ్వ గొంతు దిగిన నీళ్లకు ఒక వరుస. అటు తీసి ఇటు పెడతాను, ఇటు తీసి అటు పెడతాను. సమం కావు. పెళ్లాం పిల్లలు లేని ఆ మనిషి నోట్లో చివరికి నీళ్లు ఎవరు పోశారో నాకు ఈనాటికీ తెలియదు.