పగడాలు తెల్లబడ్డ వేసవి

ఈ మాట ఇన్నేళ్లుగా నా గొంతులోనే ఉంది. మావారికి కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. పేరు మాత్రం అడగకండి.

మాది బరంపురం. సముద్ర జీవశాస్త్రం చదివి, ఉద్యోగానికి అండమాన్ వెళ్లాను. విరిగిన పగడాల ముక్కలను ఇనుప చట్రాలకు కట్టి, ఒడ్డు దగ్గరి నీళ్లలో పెంచి, దెబ్బతిన్న పగడపు దిబ్బల మీద తిరిగి నాటడం మా పని. పడవ నడిపే ఎర్రయ్యది గోపాల్‌పూర్. మన వైపు మనిషి. బాబాయ్ అని పిలిచేదాన్ని.

ఆ వేసవి సముద్రం వేడెక్కింది. ఆ వేడికి పగడాలు తెల్లబడి చచ్చిపోతాయి. చట్రాలను వెంటనే లోతుకు దించమని పైనుంచి కబురొచ్చింది. ఎర్రయ్య పొద్దున్నే పడవ తెచ్చాడు. నేనే వద్దన్నాను. ఆ వారం పెద్ద అధికారులు చూడటానికి వస్తున్నారు. నా చేతుల్లో పెరిగిన ఆ రంగులు ఒడ్డు దగ్గరే వాళ్ల కళ్లబడాలని ఆశపడ్డాను. ఆశేనా? గర్వం అనడానికి ఇప్పటికీ ఎందుకు వెనకాడుతున్నాను?

వాళ్లు వచ్చేసరికి నీళ్ల అడుగున అంతా తెలుపు. ఎందుకు దించలేదని అడిగారు. పడవ రాలేదన్నాను.

ఎర్రయ్య ఉద్యోగం పోయింది.

కొన్నేళ్లకు నేను బరంపురం తిరిగొచ్చాక, గోపాల్‌పూర్ ఒడ్డున వల బాగుచేసుకుంటూ కనిపించాడు.

"నానొచ్చిన సంగతి నీకు తెలుసు కదమ్మా. ఆళ్లకి ఒక్క ముక్క సెప్పలేకపోనావా?"

నింద వేసింది నేనేనని అతనికి తెలియదు. నోరు మెదపకుండా ఉండిపోయానన్నదే అతని బాధ. అప్పుడైనా చెప్పొచ్చు. అక్కడ మేమిద్దరమే ఉన్నాం.

"చెప్పాను బాబాయ్. వాళ్లు వినలేదు."

"ఇన్నాళ్లూ నిన్ను తప్పుగా అనుకున్నాను. ఏటీ అనుకోకమ్మా," అని బుట్టలోంచి రెండు చందువ చేపలు తీసి నా సంచీలో వేశాడు. ఇంటికి తెచ్చి వండాను. తిన్నాను కూడా. మొదటి అబద్ధం భయంతో వచ్చిందని సర్దుకోగలను. మరి రెండోది?

పోయిన వానాకాలం ఎర్రయ్య పోయాడు. పెద్దకర్మకు కబురంపారు. "మా అయ్య నీ గురించి మంచిగా సెప్పేవోడు," అంటూ కూతురు నన్ను అందరికంటే ముందు కూర్చోబెట్టి, కొసరి కొసరి వడ్డించింది. తలెత్తలేకపోయాను. నిజం చెప్పనూ లేకపోయాను.

ఆమె ముందు నోరు విప్పే ధైర్యం ఇంకా రాలేదు. వస్తుందో రాదో. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీరు ఇవ్వగలిగింది కాదు. ఎర్రయ్య తప్పేమీ లేదు. ఆ పగడాలను పోగొట్టింది నేను. ఇంత చిన్న వాక్యం రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాశాక, కాస్త ఊపిరి ఆడుతోంది.