పోస్టరు మూలనున్న అక్షరం

మాది ఎమ్మిగనూరు, మగ్గం పని. చిన్నప్పుడు నేను ప్రాణంగా చదివిన బొమ్మల కథల్లో ఒక ముసుగు వీరుడు ఉండేవాడు. ఎవరినీ కొట్టడు. దొంగలను తాడుతో కట్టేసి పోలీసులకు అప్పగిస్తాడు. నేను దాచిపెట్టిన ఆ పుస్తకాలే చదివి, తొమ్మిదేళ్ళ మా పాప కూడా అతని అభిమాని అయింది.

నిరుడు ఆ వీరుడి సినిమా ఆదోనికి వచ్చిందంటే ఇద్దరం బస్సెక్కాం. పాప భుజాన మగ్గం నూలుతో పేనుకున్న తాడు ఉంది.

థియేటరు గేటు దగ్గరే మమ్మల్ని ఆపేశారు.

"ఇది 'ఏ' సర్టిఫికెట్ సినిమాప్పా, పెద్దోల్లకే. పిల్లోల్లను ఇడ్సము" అన్నాడు గేటు మనిషి.

"బొమ్మల పుస్తకం కథకు 'ఏ' ఏంది?" అన్నాను.

"పోస్టరు మీద సూడలేదా? 'ఏ' అంటే ఆదోని అనుకొంటివా?"

వెనక లైనంతా నవ్వింది. తిరిగి చూస్తే గోడంత వీరుడి కాళ్ళ కింద, ఒక మూల, నువ్వుగింజంత అక్షరం! తేల్చందే కదలనని నేను అక్కడే నిలబడ్డాను. ఇంతలో మార్నింగ్ షో వదిలారు. బయటికొస్తున్న ఒక కుర్రాడిని పాప ఆపింది.

"అన్నా, దొంగలను తాడుతో కట్టేసినాడా?"

"తాడు యాడిది పాపా? అందర్నీ కత్తితో నరికినాడు."

పాప నా చెయ్యి పట్టి లాగింది. "పోదాం పా నాయనా. ఈయన ఆయన కాదు."

గేటు మనిషి మాటను నేను ఇప్పటికీ మరవలేదు. అక్షరాన్ని అంత చిన్నగా వేసినవాళ్ళనూ మరవను. కానీ దారిపొడవునా పాప అడిగింది మాత్రం ఒకటే. ఆయన చేతిలోని తాడును ఎవరు తీసేసుకున్నారు?