బతికున్న కణాలు

ఎర్ర బూజు పట్టించిన బియ్యం సీసా మూత తీస్తే ముందు పుల్లటి కల్లు వాసన వస్తుంది, ఆ వెనకే తడిసిన గోనెసంచి వాసన. గుడివాడలో నేనిప్పుడు పనిచేసే ల్యాబులో ఈ ఉదయం అలాంటి సీసా ఒకటి తెరిచాను. రత్నకుమారి మేడమ్ గుర్తొచ్చారు.

ఎమ్మెస్సీ అయ్యాక బందరులో రెండేళ్లు ఆవిడ దగ్గర పనిచేశాను. రోజూ చల్లపల్లి నుంచి బస్సులో వచ్చేవారు. ఉడికించిన బియ్యం మీద ఒక రకం బూజు చల్లి పులియబెడితే గింజలు కుంకుమ రంగుకు తిరుగుతాయి. ఆ ఎరుపులోని పదార్థాలు లేత కణాలను కొవ్వు కణాలుగా ఎదగకుండా ఆపుతాయా అన్నది మా ప్రశ్న. ఎలుక కణాలను చిన్న పళ్లాల్లో పెంచి, సగం పళ్లాల్లో ఆ బియ్యం నుంచి తీసిన సారం వేసి, కొవ్వు బొట్లకు మాత్రమే పట్టే రంగు అద్ది చూసేవాళ్లం. నేను ఎవరితోనూ పెద్దగా మాట్లాడేదాన్ని కాదు. అన్నీ డైరీలో రాసుకునేదాన్ని. మేడమ్ దానికి ‘మూగ పుస్తకం’ అని పేరు పెట్టారు.

మొదటిసారి సారం వేసిన పళ్లెంలో కొవ్వు దాదాపు కనిపించలేదు. మేడమ్ ఆ ఫొటోను గోడకు అంటించి పేపరు రాయడం మొదలుపెట్టారు. ఆవిడ రిటైరవడానికి ఏడాది కూడా లేదు. ఈ పని అచ్చులో చూసుకోవాలని ఆశ. కానీ ఆ పళ్లెంలో కొవ్వే కాదు, కణాలూ తక్కువే. చాలావరకు గుండ్రంగా ముడుచుకుని పైకి తేలాయి. చచ్చినవి అలాగే తేలతాయి. అది డైరీలో రాశాను. ఆవిడకు చెప్పలేదు.

పేపరు పంపే రోజు, అందులో నా పేరు చూపించి నవ్వారు. డైరీ తెరిచి ఆ పేజీ ఆవిడ ముందు పెట్టాను.

చదివి కళ్లజోడు తీశారు. "అంటే కొవ్వు పట్టకుండా ఆపలేదు. మనమే చంపేశామన్నమాట."

"అయ్యుండొచ్చు మేడమ్."

"ఎప్పుడు చూశావ్?"

"మొదటి రోజేనండీ."

"పది రోజుల్నించీ నా ఫ్లాస్కులో టీ తాగుతూ ఊరుకున్నావా?"

ఫొటోను గోడ మీంచి పీకేశారు. తర్వాత, "మాట్లాడ్డం రాకపోతే పోయింది. చూసింది చెప్పడం నేర్చుకోమ్మా. రేపు సారం పదోవంతుకి తగ్గించు. ముందు ఎన్ని బతికాయో చూడు, కొవ్వు సంగతి తర్వాత" అన్నారు.

ఆ వానాకాలమంతా అదే పని. కరెంటు పోయి ఒకసారి, తేమకు వేరే బూజు చేరి ఇంకోసారి అన్నీ పాడయ్యాయి. మళ్లీ మొదలుపెట్టాం. చివరకు తక్కువ మోతాదులో కణాలు బతికే ఉన్నాయి, కొవ్వు బొట్లు కొంచెం చిన్నవయ్యాయి. కొంచెమే.

"ఇది పళ్లెంలో సంగతి. మనిషి ఒంట్లో ఏమవుద్దో మనకి తెలీదు. ఆ ముక్క కూడా రాయి" అన్నారు.

పేపరు అచ్చయ్యేలోపే ఆవిడ రిటైరయ్యారు.

నలుగురిలో మాట్లాడాలంటే నాకిప్పటికీ అరచేతులకు చెమట పడుతుంది. పోయిన వారం మీటింగులో ఒకాయన చాలా మంచి ఫలితం చూపించి కూర్చోబోతుంటే చెయ్యెత్తాను. "కణాలు ఎన్ని బతికాయండీ?" ఆయనకు వినపడలేదు.

మళ్లీ అడిగాను.