అడుగు పలక ఎత్తమన్న మేస్త్రి

నదికి కట్టిన అడ్డుకట్టలో అవతలి ఒడ్డు పక్క రెండు ఖానాలు తప్ప వేరే పలక ముట్టనని, ఏడేళ్ళ కిందట మా తమ్ముడు నా తల మీద చెయ్యి పెట్టి మేస్త్రికి మాటిచ్చాడు. ఆ మాట నాలుగు రోజులు కూడా నిలవలేదు. నా తల మాత్రం ఇప్పటికీ నిలిచే ఉంది. ఒట్టు తప్పితే ఎవరి తల మీద వేశారో వాళ్ళకు కీడంటారు. ఆ కీడు పిట్టల మీద పడింది.

మేస్త్రి మొన్న హోళీ వెళ్ళిన మూడో రోజు పొద్దున దవాఖానలో పోయాడు. నేను బొంబాయిలో మేముండే వరుసగదుల చాల్‌లో కొళాయి దగ్గర వరుసలో ఉన్నాను. ఆయన పెద్ద కోడలు ఫాక్‌లాండ్ రోడ్ వైపు నుంచి చెప్పుల్లేకుండా నడిచొచ్చి, "మామ పోయిండు కాకా" అంది. వరుసలో వాళ్ళు పక్కకు జరిగి ముందు నా బిందె నింపారు. మా దగ్గర నీళ్ళు ఎనిమిదింటికి ఆగిపోతాయి. ఏడవడానికి ఆ తర్వాత రోజంతా ఉంటుంది.

పదకొండో రోజున చాల్ కమిటీ వాళ్ళు ఫోటోకు దండ వేశారు. బొంబాయిలో సగం ఆయనే కట్టాడని ఒకాయన అన్నాడు. ఆయన పక్షి ప్రేమికుడని ఇంకొకాయన అన్నాడు. పక్షుల పుస్తకాలు నేను చాలానే చదివాను. వాటిలో దుర్భిణి పట్టుకున్న దొరలుంటారు గాని, తట్ట మోసేవాళ్ళు ఉండరు. మేస్త్రికి తెలిసింది ప్రేమ కాదు, మర్యాద.

మిల్లుల సమ్మె మొదలైన ఏడు, ఎండాకాలంలో నేను మిల్లు పని లేక ఇంట్లో కూర్చుని ఉంటే ఆయనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నువ్వు పార పట్టలేవు. సదువుకున్నోనివి. హాజరీ రాస్తవా?"

"రాస్తాను."

"అయితే రేపటికెళ్ళి నువ్వు మున్షీవి. పెన్ను నాది, అక్షరాలు నీయి."

ఆ రోజు నుంచి చనిపోయేదాకా నన్ను మున్షీ అనే పిలిచాడు.

బొంబాయికి దూరంగా, రైలు దిగి బస్సెక్కితే వచ్చే ఒక చిన్న నది మీద పని. రాతి స్తంభాలు కట్టి, వాటి మధ్య ఖానాల్లో చెక్క పలకలు దించి నీటిని ఆపాలి. అక్కడివాళ్ళు దాన్ని బంధారా అంటారు. మా తమ్ముడే ఆ పనికి సూపర్‌వైజర్. మేస్త్రి చేతి కింద పాలమూరు కూలీలు. ఆయన పనిముట్లు కడగనిదే చేతులు కడుక్కునేవాడు కాదు. ఇసుక వస్తే గుప్పెడు తీసి నలిపి, అరచేతికి మట్టి అంటుతుందేమో చూసేవాడు. ఒకసారి బొంబాయిలో, వర్లి పని దగ్గర లారీ దింపిన ఇసుకలో చుక్కల గుడ్డుపెంకులు ఏరి నాకు చూపించాడు. "ఈ గోడల ఒక పిట్ట గూడు పోతున్నది మున్షీ" అన్నాడు.

ఆయన కృష్ణ ఒడ్డువాడు. ఎండాకాలం నది సన్నబడితే ఆయన తాత ఇసుకలో దోసతీగలు పెట్టేవాడట. ఆ ఇసుకలోనే నల్లటోపీ, పసుపుపచ్చ ముక్కు ఉన్న తెల్లపిట్టలు గుడ్లు పెట్టేవి. గుడ్లు కనిపించినచోట చుట్టూ నాలుగు ముళ్ళకంపలు గుచ్చి, ఆ మేర తీగ పెట్టకుండా వదిలేసేవారు. ఆ ఇసుక, ఆ ఊరు ఇప్పుడు ప్రాజెక్టు నీళ్ళ కింద ఉన్నాయి. ఆ సంగతి ఆయన ఒక్కసారే ఎత్తాడు: "మనకైతే నోటీసు ఇచ్చిన్రు. పిట్టలకు ఎవలిస్తరు?"

మా బంధారాకు దిగువన నది మధ్యలోనూ అలాంటి ఇసుకదిబ్బ ఒకటి ఉంది, ఆ పిట్టలే ఉన్నాయి. పలకలు దించి నీళ్ళు ఆపగానే దిబ్బ చుట్టూ నీరు తగ్గింది. పిట్టలు కిందికి, కొత్తగా బయటపడ్డ తడి అంచు దాకా దిగి గుడ్లు పెట్టాయి. మేస్త్రి అది చూసి తల పట్టుకున్నాడు.

"నీళ్ళు ఏడిదాంక వస్తయో సూసుకునే పిట్ట గుడ్డు పెడ్తది. మనం దించిన పలక సంగతి దానికేమెరుక?"

ఒడ్డుకూ దిబ్బకూ మధ్య నేల ఎండిపోయేసరికి కుక్కలు నడిచి వెళ్ళడం మొదలుపెట్టాయి. సాయంత్రం పని దిగాక మేస్త్రి మమ్మల్నందరినీ దిబ్బ చుట్టూ కాలువ తవ్వమన్నాడు. పిట్టలు వచ్చి మా తలల మీద పొడిచాయి. ఆడవాళ్ళు మాలు మోసే ఇనప గమేళాలు తల మీద బోర్లించుకుని తవ్వారు.

"ఏందయ్యా మేస్త్రీ, పిట్టలకు కోట కడుతున్నవా? మా ఇంట్ల గోడ పడి రెండేండ్లాయె!" అంది ఎల్లమ్మ.

"నీ గోడకు కుక్కలొస్తయా ఎల్లమ్మా?"

"మా ఆయన వస్తడు!"

అందరూ నవ్వారు. నేను చదివిన పుస్తకాలన్నిటిలోనూ అంత మంచి సాయంత్రం లేదు.

తర్వాత ఎవరో నాయకుడు బంధారా చూడటానికి వస్తున్నాడని కబురొచ్చింది. పలకలెత్తి నీళ్ళు దూకడం చూపించాలట. మేస్త్రి మా తమ్ముణ్ణి పక్కకు పిలిచి, అవతలి ఒడ్డు పక్క రెండు ఖానాలు ఎత్తితే నీళ్ళు దిబ్బను తాకకుండా పోతాయని పుల్లతో గీసి చూపించాడు. వాడు నా తల మీద ఒట్టు వేశాడు. ఆ రోజు వచ్చింది. నాయకుడు నడిమధ్యలో నిలబడ్డాడు. మా తమ్ముడు నడిమధ్య పలకలెత్తించాడు. నీళ్ళు నేరుగా దిబ్బ మీదికి దూకాయి.

నీళ్ళు తగ్గాక మేస్త్రి దిబ్బ మీదికి ఉత్త తలతో నడిచి వెళ్ళాడు. పిట్టలు పైన తిరుగుతూనే ఉన్నాయి. ఒక్కటి కూడా పొడవలేదు.

"ఎత్తకుంటే నౌకరీ పోతుండె అన్నా" అన్నాడు మా తమ్ముడు. నేను వాడితో ఏడాది పాటు మాట్లాడలేదు. మేస్త్రి మరునాడే వాడికి చాయ్ తెప్పించాడు. "వానికీ పిల్లలున్నరు గద మున్షీ" అన్నాడు.

ఆ తర్వాత ప్రతి ఏడూ హోళీకి ముందు మేస్త్రి రైలెక్కి, బస్సెక్కి అక్కడికి వెళ్ళేవాడు. పిట్టలు గుడ్లు పెట్టకముందే ఒక ఖానాలో అన్నిటికన్నా కిందుండే అడుగు పలక జానెడు ఎత్తిస్తే, కింద నది సన్నగానైనా పారుతుంది. దిబ్బ నీళ్ళ మధ్య దిబ్బగానే ఉంటుంది. పిట్టలు ఎత్తున గుడ్లు పెడతాయి. నీళ్ళు వృథా అని రైతులు తిట్టేవారు. ఆయన వాళ్ళ బావిగట్లు ఊరికే కట్టిపెట్టి ఒప్పించేవాడు. రెండుసార్లు నేనూ వెంట వెళ్ళాను. పిట్టలు మునుపటంత లేవు గాని, ఉన్నాయి.

ఈ ఏడు శివరాత్రికే ఆయన మంచాన పడ్డాడు. నేను వెళ్తానన్నాను. "నీ మోకాళ్ళు ఆడిదాంక మోయవు" అని, మా తమ్ముణ్ణి పిలిపించాడు.

"నీ పని ఆ దిక్కే గద బిడ్డా. అడుగు పలక ఎత్తమని చెప్పి రా. ఇంకేం లేదు."

"రేపే పోత మామా. నువ్వు ఫికర్ చెయ్యకు."

వాడు వెళ్ళాక నేను కోప్పడ్డాను. మళ్ళీ వీణ్ణేనా అన్నాను. మేస్త్రి చాలాసేపు దగ్గి అన్నాడు: "ఏడేండ్ల సంది వాడు నా ముంగట తల ఎత్తుతలేడు మున్షీ. వాని బరువు వాన్నే దించుకోనీ."

ఫోటోకు దండ వేసిన రోజున మా తమ్ముడు కూడా మాట్లాడాడు. మామ నాకు తండ్రి లాంటివాడన్నాడు, కళ్ళు తుడుచుకున్నాడు. మెట్ల దగ్గర పట్టుకుని, బంధారాకు పోయి చెప్పావా అని అడిగాను.

"టైం దొరకలే అన్నా. గీ వారం పోదామనుకున్న."

మరునాడు నేనే వెళ్ళాను. మేస్త్రి అన్నట్టే మోకాళ్ళు మొరాయిస్తే, దారిలో రెండుసార్లు కూర్చుని లేచాను. పలకలు చూసుకునే మనిషి నన్ను గుర్తుపట్టి, మేస్త్రి బాబా రాలేదేమని మరాఠీలో అడిగాడు. చెప్పాను. అతను టోపీ తీశాడు. హోళీ దాకా ఎదురుచూశామని, ఎవరూ రాకపోయేసరికి పలకలన్నీ మూసే ఉంచామని అన్నాడు.

కిందికి దిగాను. ఒడ్డు నుంచి దిబ్బ దాకా ఎండిన బురదలో కుక్కల అడుగులు తిన్నగా ఉన్నాయి. దిబ్బ దిగువన, మిగిలిన మడుగు అంచున ఒకే ఒక్క పిట్ట పొదుగుతోంది. ఇప్పుడైనా అడుగు పలక ఎత్తమని పైకి కేక వేయబోయాను. ఎత్తితే నీళ్ళు మొదట చేరేది దాని కిందికే. అరవడానికి తెరిచిన నోరు మూసుకున్నాను. అది నన్ను చూస్తూ, గుడ్ల మీద నుంచి లేవకుండా అలాగే కూర్చుంది.

మేస్త్రి అయితే క్షమించేవాడు. ఆయన లేడు. నేను మున్షీని, పేరు రాస్తాను. మంచం పక్కన నిలబడి రేపే పోతానన్నవాడు నా తమ్ముడు విఠల్.